మూలనపడ్డ డాస్ కంప్యూటరుకు తీగ కట్టాం
షోలాపూర్ సభ్యుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం



ఆఫీసు మూలన దుప్పటి కప్పిన కంప్యూటరును పాత సామాన్లవాడికి వేసేద్దామని కిందటి మీటింగులో కొందరన్నారు. మూతబడిన మిల్లువాళ్ళు ఏ ఏట చేరారో, ఎన్నేళ్ళు పనిచేశారో ఆ లెక్క అందులోనే ఉంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం లెక్కగట్టింది. ఒక్క ఏడు తగ్గినా అంత సొమ్ము పోయినట్టే. మొన్న ఒక వదినమ్మ తన భర్త సర్వీసు కాగితం అడిగితే చూపలేక తల దించుకున్నాను. ప్రింటరు ఎప్పుడో పోయింది. ఫ్లాపీలకు బూజు పట్టింది. ఇక తీగ కట్టడమే దారి.

అందులో నడిచేది డాస్. 1981లో వచ్చిన ఈ ఎం.ఎస్. డాస్‌కు నెట్‌వర్కు సంగతి పుట్టుకతో తెలియదు, మనమే నేర్పాలి. రిపేరు కుర్రాడు ఎన్.ఇ.2000 రకం పాత కార్డు వెతికి తెచ్చి లోపల బిగించాడు. దానికి ప్యాకెట్ డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావాలి. యాజమాన్యానికీ మనకూ నడుమ జాబరు ఎలాగో, కార్డుకూ మిగతా ప్రోగ్రాములకూ నడుమ ఇది అలాగ. (జాబరు కన్నా నమ్మకస్తురాలే లెండి.) కార్డుకిచ్చిన 3వ ఐ.ఆర్.క్యు. నంబరును అప్పటికే రెండో సీరియల్ పోర్టు వాడుకుంటోంది. ఒకే మగ్గం మీద ఇద్దర్ని నిలబెట్టినట్టయింది! రెండు రోజులు అక్కడే పోయాయి. 5కు మార్చాక కదిలింది.

ఆపైన మైకేల్ బ్రుట్‌మన్ రాసిన ఎం.టి.సి.పి. ఎక్కించాం. ఉచితమే. డాస్ వాడుకునే 640 కె.బి. మెమరీలో సులువుగా ఇముడుతుంది. చిరునామా చేత్తో రాసిచ్చి, అందులోని ఎఫ్.టి.పి. సర్వరు నడిపి, లినక్స్ ఉన్న కొత్త కంప్యూటరులోకి ఫైళ్ళు లాగాం.

మొదటిసారి వచ్చిన ఫైలు అసలుకన్నా కొన్ని బైట్లు తక్కువ! టెక్స్టు పద్ధతిలో లాగితే వరుస చివరి గుర్తుల్ని అది మార్చేస్తుంది, లెక్కల ఫైలు పాడవుతుంది. బైనరీ పద్ధతి పెట్టి మళ్ళీ లాగాం. అప్పుడు సైజులు సరిపోయాయి. ఎవరైనా ఈ పనికి దిగితే ముందు సైజు చూసుకోండి.

ఇంటర్నెట్టుకు మాత్రం కలపలేదు. ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డు దాపరికం లేకుండా తీగలో పోతుంది. నడుమ చిన్న స్విచ్చి, రెండు కంప్యూటర్లు, అంతే.

వదినమ్మ కాగితం దొరికింది, పంపించాం. వచ్చే ఆదివారం మీ పాత టికెట్లు, పే స్లిప్పులు తెచ్చి ఎవరి లెక్క వారు సరిచూసుకోండి. అది పూర్తయ్యేదాకా పాత కంప్యూటరును అమ్మేది లేదు.