ముళ్లగడ్డికి లెక్క లేదా?

(సంఘం మండల మహాసభలో మేతభూముల తీర్మానాన్ని ప్రతిపాదిస్తూ చేసిన ప్రసంగ పాఠం)



మేతభూముల మీద తీర్మానం ప్రతిపాదించే పని సంఘం నాకు అప్పగించింది. తీర్మానం చదివే ముందు ఒక గడ్డి గురించి చెబుతాను. దాని సంగతి తెలిస్తే మన ఊరి బీడు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

రాజస్థాన్‌లో జైసల్మేర్, బాడ్మేర్, బీకానేర్ జిల్లాల ఇసుక నేలల్లో ఆ గడ్డి పెరుగుతుంది. అక్కడివాళ్లు భురట్ అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సెంక్రస్ బైఫ్లోరస్. మన పల్లేరు కాయ అందరికీ తెలుసు, కాల్లో దిగితే ప్రాణం జివ్వుమంటుంది. పల్లేరు నేల మీద పాకే మొక్క. ఇది నిలువుగా లేచే గడ్డి, కంకి నిండా చిన్న చిన్న ముళ్లకాయలు. ముళ్లకు వెనక్కి తిరిగిన సన్నటి పళ్లుంటాయి. అందుకే ఉత్తరేణి గింజల్లా పట్టుకుంటే వదలవు. పంచెకు పట్టుకుంటాయి, గొర్రె ఉన్నికి పట్టుకుంటాయి. ముళ్లున్న ఉన్నికి ధర పలకదు. ముదిరిన కాయలు మేస్తే పశువు నోరు పుండవుతుంది.

ఇంతవరకే వింటే ఎవరైనా "ఇదేం పనికిమాలిన గడ్డి" అంటారు. మిగతా సగం ఎడారి రైతుకు తెలుసు. నాలుగు చినుకులు పడితే అది మొలుస్తుంది. కాయ ముల్లు కట్టకముందు లేత గడ్డిని పశువులు బాగా మేస్తాయి. కాయలు రాలిపోయాక మిగిలిన ఎండుగడ్డి మళ్లీ మేతకు వస్తుంది. మధ్యలో ముళ్లు ముదిరిన రోజులే తంటా. ఆ ముళ్లకాయలో కూడా గింజ ఉంది. దంచి, చెరిగి, ఆ గింజను సజ్జలతో కలిపి విసిరి రొట్టెలు చేసుకుని కరువు రోజులు గడిపిన ఇళ్లు అక్కడ ఎన్నో. 1899-1900 కరువును అక్కడ ఛప్పనియా అంటారు, విక్రమ శకం 1956లో వచ్చింది కాబట్టి. ఆ ఏడు ఖేజ్రీ చెట్టు బెరడు కూడా ఒలుచుకుని తిన్నారు. ఖేజ్రీ అంటే మరేదో కాదు, దసరాకు మనం మొక్కే జమ్మి.

ఇదే గడ్డి ఆఫ్రికాలోనూ ఉంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో దాన్ని క్రమ్‌క్రమ్ అంటారు. మాలి, నైజర్ దేశాల్లో పశువుల కాపరులు దాని గింజలు ఏరుకుని తిన్నారు. ఎడారి ఎక్కడ ముగుస్తుంది, సాహెల్ మేత నేల ఎక్కడ మొదలవుతుంది అని తేల్చడానికి శాస్త్రవేత్తలు పట్టుకున్న గుర్తుల్లో ఈ గడ్డి కూడా ఒకటి. ఉత్తరాన అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి ఎడారి అని లెక్క.

ఇంకొక మాట. మన సజ్జ దీనికి దాయాది. సజ్జను, దాని దగ్గరి గడ్డిజాతులను 2010లో శాస్త్రవేత్తలు ఈ సెంక్రస్ ప్రజాతిలోనే కలిపారు. సజ్జ కంకిలో గింజల మధ్య నూగు చేతికి తగులుతుంది చూడండి, ఆ నూగే ఈ గడ్డిలో గట్టిపడి ముల్లయింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా సభలు పెట్టారు. సజ్జకు శాలువా కప్పారు. దాని దాయాది పెరిగే నేలకు మాత్రం బంజరు అని పేరు పెట్టారు.

ఆ పేరు ఎంత ప్రమాదమో చూడండి. దేశంలోని బంజరు భూములన్నిటినీ ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి కేంద్రం ఒక అట్లాస్ వేస్తోంది. తయారుచేసేది మన హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2019 అట్లాస్ ప్రకారం దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం బంజరు. ఆ జాబితాలో ఎడారి ఇసుక ఉంది, తుప్పల నేల ఉంది, క్షీణించిన మేతభూమి కూడా ఉంది. గొర్రెలు మేసే నేలకు బంజరు అని ముద్ర పడ్డాక, "ఖాళీగానే ఉంది కదా" అని అడిగేవాడు రాకుండా ఉంటాడా?

రాజస్థాన్‌లో భడ్లా సోలార్ పార్కు 14 వేల ఎకరాల్లో ఉంది, 2,245 మెగావాట్లు. మన కర్నూలు వైపు గని-శకునాల పార్కు 1,000 మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు. సోలార్ వద్దని నేననడం లేదు. కరెంటు మన మోటార్లకూ కావాలి. ఏ భూమి ఇస్తున్నారు, ఎవరిని అడిగి ఇస్తున్నారు అన్నదే నా ప్రశ్న. సోలార్ పలకల పార్కులకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. సర్కారు భూమిని నేరుగా లీజుకిస్తే అది సేకరణ కిందికి రాదు, ఆ చట్టం వర్తించదు. పట్టా ఉన్నవాడికి కౌలు వస్తుంది. మేపుకునేవాడికి కంచె వస్తుంది.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. దేశంలోని 7.4 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఇవన్నీ ఎక్కడ మేస్తున్నాయని అడిగితే చెప్పడానికి రికార్డులో గడి లేదు. అడంగల్‌లో పంట రాస్తారు. గడ్డిని ఎవరూ రాయరు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఎడారిలో ఒకప్పుడు సేవణ్, ధామన్ అనే బహువార్షిక గడ్డి ఉండేది. వేరు చావకుండా ఏళ్ల తరబడి చిగిర్చే గడ్డి. మేత మితిమీరి, ట్రాక్టరుతో ఇసుక నేల దున్నాక అది తగ్గి, ఏడాదికోసారి మొలిచే ముళ్లగడ్డి పెరిగింది. అంటే ముళ్లగడ్డి ఎక్కువయిందంటే నేల అలసిపోయిందని కబురు. మన ఊళ్లలోనూ డొంకలు దున్నుకున్నవాళ్లున్నారు, మేత పోరంబోకులో గట్టు జరుపుకున్నవాళ్లున్నారు. సోలార్ కంచెను ప్రశ్నించే ముందు మన కంచెలు మనం తీయాలి.

చట్టం మన వైపు అసలు లేదని కాదు. పంచాయతీ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి ఊరికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. రాజస్థాన్‌లో దేవుడి పేర వదిలిన మేత అడవులను ఓరణ్‌లంటారు. వాటన్నిటినీ గుర్తించి, పటాలు వేసి కాపాడాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. అక్కడి జనం ఊరూరా ఓరణ్‌ల కోసం నడిచారు, అడిగారు. ఊరికే రాలేదు ఆ తీర్పు.

కాబట్టి తీర్మానంలో మూడు పనులు పెట్టాం.

ఒకటి. ప్రతి గ్రామ శాఖ తన ఊరి మేతభూమికి సొంతంగా ఒక రిజిస్టరు రాయాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ గడ్డి ఏ నెలలో ఉంటుంది, ఎన్ని జీవాలు మేస్తాయి, ఏ కాపరులు వస్తారు, నీటి గుంట ఎక్కడ. గడ్డి పేర్లు కాపరులను అడిగి రాయండి. ఆఫీసులో దొరకవు. ముళ్లగడ్డినైనా వదలొద్దు.

రెండు. ఆ రిజిస్టరును గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఊరి సర్వే నంబర్లు ఏ జాబితాలోనైనా ఎక్కితే ఆ రసీదే మన మొదటి కాగితం.

మూడు. ఆక్రమణలో ఉన్న డొంకలు, మేత పోరంబోకులు ముందు మన సంఘ సభ్యులే వదలాలి. వానాకాలం మొదట్లో కొన్ని వారాలు మేపకుండా కాపరులతో మాట్లాడుకుని విడత పెట్టుకోవాలి. గడ్డికి ఊపిరి తీసుకోనిస్తే మంచి జాతులు తిరిగొస్తాయి.

మన బీడులో ఏముందో మనం రాయకపోతే ఏమీ లేదని ఇంకొకరు రాస్తారు. ఈ తీర్మానాన్ని బలపరచమని అందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.