బోనము: పురాణకథ, పల్లెకథ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఆషాఢమాసపు బోనములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు కోరిరి. ఏటేట మన వీథులలో జరుగు పండుగనుగూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని కొందరికి తోచవచ్చును. కాని మనము చూచుచున్న దాని యర్థము మన పిల్లలకు చెప్పగలమా? ఈ ప్రశ్నయే నన్నిచట నిలిపినది.

బోనమనగా భోజనము. క్రొత్తకుండలో బియ్యము, పాలు, బెల్లము చేర్చి వండి, ఆ కుండను పసుపు కుంకుమలతోను, వేపరెమ్మలతోను అలంకరించి, పైన దీపము వెలిగించి, ఇంటి ఇల్లాలు తలపై నెత్తుకొని గుడికి నడచును. ఆషాఢమున అమ్మవారు పుట్టింటికి వచ్చునని పెద్దలందురు. వచ్చిన ఆడపడుచునకు వండిపెట్టు అన్నమే ఈ బోనము. కాలికి గజ్జెలు కట్టి, మేన పసుపు పూసుకొని, కొరడా ఝళిపించుచు ముందు నడచు పోతరాజు ఆమెకు తోడబుట్టినవాడు. ఉత్సవము గోలకొండ కోటలోని జగదాంబతో నారంభమై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళికిని, పిదప లాల్‌దర్వాజ సింహవాహినికిని సాగును.

మనకు సమీపమున నున్న ఉజ్జయినీ మహంకాళి కథ సిపాయిల కథ. 1806లో సికిందర్ జా పేర వెలసిన సికింద్రాబాదు కంటోన్మెంటు ఊరు. అందువలననే ‘లష్కర్ బోనాలు’ అను పేరు. 1813లో ఇచట మహమ్మారి చెలరేగి జనులు మడియుచుండగా, ఉజ్జయినికి బదిలీయై వెళ్లిన సురిటి అప్పయ్య యను డోలీ మోయువాడు అచటి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, రోగము శాంతించిన పిమ్మట తిరిగివచ్చి 1815లో కొయ్యవిగ్రహము ప్రతిష్ఠించెననియు ఆలయచరిత్ర తెలుపుచున్నది. 1864లో ఆ స్థానమున శిలావిగ్రహము వెలసెను. ఈ మహాక్షేత్రమునకు మూలపురుషుడు రాజు కాడు, పండితుడు కాడు. భుజముపై బరువు మోసిన సామాన్యుడు.

ఇక పురాణము చూతము. మార్కండేయ పురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యమున అంబిక నుదుటినుండి కాళి వెలువడి చండముండులను చంపును. రక్తబీజుని నెత్తురు నేల పడకుండ త్రావును. గంభీరమైన కథ. కాని అందు బోనము లేదు, పోతరాజు లేడు, పండుగ మరునాటి ఉదయమున పచ్చికుండపై నిలిచి స్త్రీ భవిష్యము పలుకు రంగము లేదు. ఇవి యన్నియు పల్లె మనకిచ్చినవి.

ఎల్లమ్మ కథయు నట్టిదే. మహాభారత అరణ్యపర్వమున జమదగ్ని యాజ్ఞపై పరశురాముడు తల్లియైన రేణుకను వధించును. తండ్రి వరమున ఆమె మరల బ్రతుకును. పల్లెకథ అంతటితో నాగదు. రేణుకతోపాటు ఒక మాతంగకాంత శిరస్సును తెగెననియు, మరల నతికించునపుడు తలలు మొండెములు తారుమారయ్యెననియు చెప్పును. ఋషిపత్నిని, వెలివాడ స్త్రీని ఒకే దేవతగా నిలిపిన కథ యిది! వాడను దూరముంచిన సమాజమే ఆ వాడ తల్లికి చేతులు జోడించినది. ఈ యర్థము చాలకాలము బైండ్లవారి జమిడిక మ్రోతతో బ్రతికినది. ఈ తల్లి పూజ నిన్న మొన్నటిది కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున పరశురాముని తల్లియగు ఏకవీర కనబడుచున్నది.

మన పెద్దలు మశూచిని ‘అమ్మవారు పోసినది’ అనెడివారు. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ రోగము లోకమున నశించినదని ప్రకటించినది. టీకా గెలిచినది, అది సంతోషము. భయము పోయినను పండుగ పోలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రోత్సవముగా గూడ ప్రకటించినది. మ్రొక్కు తీరిన పిదపను తల్లికి అన్నము పెట్టుట మానని జాతి మనది. కాని ఉత్సవము పెరుగుచుండగా కథ తరుగుచున్నది. ధ్వనియంత్రముల హోరులో జమిడిక వినబడుట లేదు.

సికింద్రాబాదు ప్రక్క పల్లెగా నుండిన మల్కాజ్‌గిరి నేడు నగరములో కలిసిపోయి, 2016లో ఏర్పడిన జిల్లాకు తన పేరును గూడ ఇచ్చినది. ఇట్టి మార్పులో ముందుగా నశించునది నోటిమాట. చెరువు పోయి యిండ్లు లేచినచోట, పూర్వమిచట కట్ట యుండెనని చెప్పుటకు కట్టమైసమ్మ గుడియే సాక్ష్యము. ఆ గుడి యెట్లు వెలసెనో ఎరిగిన వృద్ధురాలు పోయిన నాడు ఆ సాక్ష్యమును మూగవోవును.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించిన మహనీయులు తెలుగు పుస్తకమునకు నీడ కల్పించిరి. పుస్తకమునకెక్కని తెలుగునకు నీడ కల్పించుట మన వంతు. గ్రంథాలయమువారు ఒక దళసరి నోటుపుస్తకము తెరువవలెనని నా మనవి. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మల గుళ్లు ఎచటెచట నున్నవి, కుండనిచ్చు కుమ్మరి యెవరు, కథ చెప్పు బైండ్లవారెవరు, సాకపోయుట యేల, తొట్టెల కట్టుట యెట్లు, ఇవి యన్నియు పెద్దల నడిగి వారి మాటలలోనే వ్రాయవలెను. చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. చదువురాని అవ్వలు చెప్పుదురు. ఆ దినమున అవ్వయే గురువు.

అమ్మకు అన్నము పెట్టు చేతులు మన ఊర కొరవడలేదు. ఆ యన్నము వెనుకనున్న కథను దాచిపెట్టు చేతులు ఈ గ్రంథాలయమున లభించుగాక యని ఆశించుచున్నాను.