పాపన్న కోసం వెతికితే పాపడు దొరికాడు

హుస్నాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. "సార్, మీకు ఈ పాత పుస్తకాలు ఎక్కడ దొరుకుతున్నాయి?" అని చాలామంది అడుగుతున్నారు. ఇవాళ అదే చెప్తా.

మా దిక్కు సర్వాయి పాపన్న పేరు తెలియని ఇల్లు ఉండదు. పిల్లల కోసం ఆయన చరిత్ర నాలుగు పేజీలు రాసి ఒక పెద్దమనిషికి చూపించాను. "పాటల్లో పాడుకునే మాటలివి, ఆధారం ఏది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పట్నం పోయి ఒక గ్రంథాలయంలో అడిగితే, "ఏ యూనివర్సిటీ మీది? ఉత్తరం తెచ్చిన్రా?" అన్నారు. బస్సు చార్జీలు దండుగ.

ఇంటికొచ్చి ఫోన్‌లో "సర్వాయి పాపన్న" అని కొట్టి చూశా. పాటలు, వీడియోలే వచ్చాయి. తప్పు నాదే. పాత రాతల్లో ఆయన పేరు అట్లా లేదు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో దక్కన్ మీద తెచ్చిన పుస్తకంలో ఆయన మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో పేరు "పాపడు". అధ్యాయం కింద ఇచ్చిన గమనికలు పట్టుకుని వెనక్కి నడిచాను.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారశీకంలో రాసింది. ఆయనకు పాపడు కల్లు అమ్ముకునే కులంవాడు, దోపిడీదొంగ. రెండోది, జె.ఏ. బాయిల్ 1874లో "ఇండియన్ యాంటిక్వరీ" పత్రికలో తెలుగు కథాగేయాల మీద రాసిన వ్యాసం. అందులో పాపడి పాట ఉంది. దర్బారు మనిషి దొంగ అన్నవాణ్ణే జనం వీరుడని పాడుకున్నారు. 1708లో ఓరుగల్లు కోటనే పట్టుకున్న మనిషి మరి! ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే పరిశోధన. ఆ పాత పత్రిక సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. ఉత్తరం అక్కర్లేదు.

ఇక వెతికే పద్ధతి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డా, అందులోని తెలుగు పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. కానీ పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తప్పుల తడకగా ఎక్కించారు. కాబట్టి ఒకే పేరును నాలుగు రకాలుగా రాసి చూడండి. దీర్ఘాలు తీసేయండి, 'వి' బదులు 'డబ్ల్యూ' పెట్టండి. పుస్తకం పేరుతో రాకపోతే రచయిత పేరుతో ప్రయత్నించండి. పాత తెలుగు స్కాన్లలో లోపలి మాటలు వెతికితే సరిగ్గా దొరకవు. విషయసూచిక తెరిచి, ఓపిగ్గా పేజీలు తిప్పాల్సిందే. మధ్యలో పేజీలు పోయి ఉంటే ఇంకో స్కాన్ ఉందేమో చూడండి. రచయిత పోయాక అరవై ఏళ్లు దాటితే మన దేశంలో కాపీరైట్ ఉండదు, అట్లాంటివి నిశ్చింతగా దించుకోవచ్చు. దించుకోగానే సంపుటం, సంవత్సరం, పేజీ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. నేను మొదట రాసుకోలేదు, ఒక్క వాక్యం కోసం మళ్లీ రెండు రాత్రులు వెతికాను.

నా నాలుగు పేజీలు ఇప్పుడు పదకొండయ్యాయి. పెద్దమనిషికి మళ్లీ ఇచ్చాను. ఈసారి ముందు కింది గమనికలే చదివాడు. "ఆ బాయిల్ పేజీ నాకు పంపు" అన్నాడు.

మీ ఊరి గుట్టకూ, చెరువుకూ ఏదో పాత పుస్తకంలో ఇంకో పేరు ఉండే ఉంటుంది. ఆ పేరు ఏమిటో ముందు మీ ఇంట్లో ముసలోళ్లను అడగండి, తర్వాత ఫోన్ తీయండి. దొరికింది కామెంట్లో రాయండి.