విమానాశ్రయ భద్రతలో మన వంతు



విమానాశ్రయ భద్రత అనగానే ద్వారం వద్ద నిలిచిన సాయుధ జవాన్లు, సామాను తనిఖీ యంత్రాలు మనకు స్ఫురిస్తాయి. మనుషులను ఆపడానికి అవి చాలును. గద్దను ఆపడానికి ఏ గోడా చాలదు.

2022 జూన్ 19న పట్నా నుండి ఢిల్లీకి బయలుదేరిన ఒక విమానం నేల విడిచిన కొద్దిసేపటికే ఎడమ ఇంజనును పక్షి ఢీకొన్నది. మంటలు లేచాయి. పైలట్లు ఆ ఇంజనును ఆపివేసి, రెండవ ఇంజనుతోనే వెనుదిరిగి క్షేమంగా దింపారు. 185 మంది ప్రయాణికులకు ప్రాణాపాయం తప్పింది.

పక్షి తిండి వెదుక్కుంటూ వస్తుంది. దుకాణం వెనుక పారవేసిన పేగులు, చేపల వ్యర్థాలు, హోటళ్ల ఎంగిలి మెతుకులు దానిని రప్పిస్తాయి. అందువలననే 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమం, విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఇటువంటి చెత్త వేయరాదని శాసించింది. 2025లో యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు బెంగళూరు నగరపాలక సంస్థ 13 కిలోమీటర్ల పరిధిలో మాంస విక్రయాన్నే మూడు వారాలకు పైగా నిలిపివేసింది. దుకాణమే ఆధారమైన కుటుంబానికి అది చిన్న నష్టం కాదు.

తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవారమైనా, నిన్న బ్రతుకుతెరువుకై వచ్చినవారమైనా, మనలో మాంసం, చేపలు అమ్మేవారు, హోటళ్లు నడిపేవారు ఎందరో ఉన్నారు. వ్యర్థాలను మూతగల డబ్బాలో ఉంచి నగరపాలక సంస్థ బండికే అప్పగించండి. చెరువు గట్టున, ఖాళీ స్థలంలో కుప్ప కనబడితే వార్డు కార్యాలయానికి తెలియజేయండి. మీ భాషలో చెప్పినా వినిపించుకునే బాధ్యత మాది.