నెలవు తప్పినవారి చదువు



అరణ్యపర్వమునందు నలోపాఖ్యానము ముగిసిన పిదప నొక చిన్న ఘట్టము కలదు. కథారసములో మునిగిన చదువరులు దానిని సాధారణముగా దాటిపోవుదురు. జూదములో రాజ్యము గోల్పోయి అడవిపాలైన ధర్మరాజు, కథ చెప్పిన బృహదశ్వ మహర్షిని అక్షహృదయము, అనగా పాచికల మర్మము, తనకు నేర్పుమని కోరెను. మహర్షి నేర్పెను. వనవాసి యగు రాజునకు వైరాగ్యము బోధింపవలెనని పరులు తలచుట సహజము. కాని యేది తెలియక చెడెనో అది చెడినవానికే తెలియును.

దేశము విడిచి వచ్చిన పిల్లలకు చదువు చెప్పుటలో ఈ సంగతి యెట్లు మరువబడునో చూచుటకు బంగ్లాదేశములోని కాక్సుబజారు శిబిరములు చాలును. మన పెద్దలు బర్మా యనెడి మయన్మారు దేశమునుండి, సైన్యము సాగించిన దారుణములకు తాళలేక, 2017 ఆగష్టు మొదలు కొలది మాసములలో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి వచ్చిరి. వారిలో సుమారు సగము మంది పిల్లలే.

ఐక్యరాజ్య సమితి బాలల సంస్థ మొదలైనవి వెదురు పాకలలో చదువు కేంద్రములు తెరచెను. ఆ సేవను తక్కువ చేయరాదు. కాని అచ్చటి చదువు ప్రాథమిక స్థాయిని దాటలేదు. ఏ దేశపు పరీక్షకును చెందలేదు. తమ దేశపు పాఠములు వారికి చెప్పరాదని బంగ్లాదేశ ప్రభుత్వము నియమించెను. చెప్పినచో వారిచ్చటనే స్థిరపడుదురని దాని భయము.

మరి తల్లిదండ్రులు కోరినదేమి? దూరమునుండి చూచువాడు, తమ వాడుకభాషనైనను, దానికి దగ్గరి చుట్టమైన బెంగాలీనైనను కోరుదురని యూహించును. వారు కోరినది బర్మీ భాషలోని మయన్మారు పాఠములు! ఏ దేశము 1982 చట్టముతో వారి పౌరసత్వమును కాదనెనో, ఏ సైన్యము వారి యిండ్లు తగులబెట్టెనో, ఆ దేశపు పుస్తకములే. కారణము దాపరికము లేనిది. ఎప్పటికైన తిరిగి పోవలెను. పోయిననాడు పిల్లలు తమ యీడువారి సరసను తరగతిలో కూర్చుండవలెను. ఆ నేల తమదని చెప్పుటకు ఆ భాష రావలెను. ఈ కోరిక యే నిపుణుని యూహకును అందునది కాదు, అడిగినగాని తేలదు.

వారు కోరి యూరకుండలేదు. రోహింగ్యా ఉపాధ్యాయులు తమ గుడిసెలలోనే బర్మీ పాఠములు చెప్పసాగిరి. 2020 జనవరిలో బంగ్లాదేశ ప్రభుత్వము మయన్మారు పాఠములకు సమ్మతించెను. మహమ్మారి యడ్డుపడగా, 2021 చివర 6 మొదలు 9 వరకు తరగతుల పిల్లలు 10,000 మందితో పని యారంభమైనది. చిత్రమేమన, ఆ డిసెంబరులోనే శరణార్థులు స్వయముగా నడుపుకొను పాఠశాలలను మూయుమని అధికారులు ఆజ్ఞాపించిరి. దారి చూపినవాని వాకిట తాళము వేసి ఆ దారినే నడచుట యిది! 2023 జూలైలో ఆ పాఠములు అన్ని తరగతులకును, 3 లక్షల పిల్లలకును విస్తరించినవి.

ఈడు వచ్చిన ఆడపిల్లలు పాకలకు వచ్చుట మానినప్పుడు, తల్లిదండ్రులకు చదువుపై నిచ్ఛ లేదనుట సులభము. అడుగగా తేలినది వేరు: మగపిల్లలతో కలిసి కూర్చుండుటయు, ఒంటరిగా దారి నడచుటయు వారికి సమ్మతము గాదు. బాలికలకు వేరు తరగతియు, తోడువచ్చు స్త్రీయు ఏర్పడినచోట పిల్లలు మరల వచ్చిరి.

ముందే అడిగిన ఉదాహరణము మన దేశముననే కలదు. 1959లో ఆశ్రయము పొందిన దలైలామా, టిబెట్టు పిల్లలకు వేరు పాఠశాలలు కావలెనని నెహ్రూగారిని కోరిరి. నెహ్రూ అంగీకరించి, వ్యయమును భారత ప్రభుత్వము భరించునట్లు చేసిరి. లోకజ్ఞానమునకు ఇంగ్లీషును వలయునని తమ సలహాయు నిచ్చిరి. 1960 మార్చిలో ముస్సోరిలో 50 మందితో తొలి పాఠశాల వెలసినది. తరువాతి కాలమున చిన్న తరగతులను టిబెట్టు భాషలోనికి మార్చుకొన్నవారును టిబెట్టువారే.

అడుగుటలోను తేడా యున్నది. శిబిరములలో మాఝీ లనెడి పెద్దలుందురు. వారిని మాత్రము పిలిచి తలయూపించుకొన్నచో తల్లుల మాటయు, పిల్లల మాటయు వినబడదు. అంచనా కట్టి, పద్దులు వ్రాసి, సొమ్ము పంచిన పిమ్మట అడుగుట మర్యాద యగునేమో గాని సంప్రదింపు కాదు. గ్రంథాలయములో సూచనల పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుట వంటిదది.

2025లో విదేశముల సహాయధనము తగ్గుటచే, జూన్ మాసమున కాక్సుబజారులోని కేంద్రములు వేలకొలది మూతపడెను. బంగ్లాదేశ ఉపాధ్యాయులు వేయిమందికి పైగా పని గోల్పోయిరి. ఆ దినములలో శిబిరములందు చదువు నిలిచినది, ఎవరి గుర్తింపును, ఎవరి సొమ్మును లేక, రోహింగ్యాలు తమంతట తాము నడుపుకొను పాఠశాలలలోనే.