పానకపు బిందె

(గూడూరులో వసంత నవరాత్రుల సభయందు గావించిన యుపన్యాస పాఠము)

 

వసంత నవరాత్రులలోని వ్రతములను గూర్చియు, ఉపవాసములను గూర్చియు నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరితిరి. మేము వృత్తిచే న్యాయవాదులము. పురాణము చెప్పుటకు మాకు పాండిత్యమును లేదు, కంఠమును లేదు. పురాణము చెప్పెడివారు రాత్రికి రానే యున్నారు. వారి సొత్తును ముట్టక, ఈ ఋతువులోని పండుగలకును మీ చెరువులోని నీటికిని గల సంబంధమును గూర్చి మాత్రము మాకు తోచినది మనవి చేసెదము. ఇందు కొన్ని మాటలు కొందరికి రుచింపకపోవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపూవును మీరే కోరి వేసికొందురు గనుక, అందులకు వేరుగ క్షమాపణ అడుగుట లేదు.

గూడూరు నిన్నటి ఊరు కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున యవన భూగోళవేత్త టాలెమీ పేర్కొనిన కొద్దూర ఈ గూడూరే యని చరిత్రకారులు తలంచుచున్నారు. నాటి వర్తకము పోయినది. సముద్రపు చేరువ మాత్రము పోలేదు. బందరు తీరమునకు దాపున నుండుటచే ఈ ప్రాంతమున బావి త్రవ్వినచో పెక్కుచోట్ల ఉప్పునీరే పడును. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువనీరు ఈ శివారు భూములకు వచ్చెను. 1957లో ఆ ఆనకట్టకు బదులుగ ప్రకాశం బారేజి వెలసెను. కాని కాలువ పండ్రెండు మాసములు పారునది కాదు. వరి ఇల్లు చేరి, మినుములు ఇల్లు చేరి, కాలువలు కట్టివేయు వేళకు చైత్రము ప్రవేశించును. ముందుగ నింపి పెట్టుకొన్న మంచినీటి చెరువే మరల కాలువ వదలువరకు ఊరికి ప్రాణాధారము. ఈ సంగతి బిందె మోయు తల్లులకు మాకన్న నెక్కుడుగ తెలియును.

మన పూర్వులు ఈ ఋతువునకు విధించిన ధర్మములను ఈ కంటితో చూడుడు. ఫాల్గుణ పౌర్ణమినాడు కాముని దహనము, చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది, నవమి శ్రీరామనవమి, పిమ్మట వచ్చునది కామదైకాదశి, వైశాఖమున అక్షయ తృతీయ, నృసింహ జయంతి, పౌర్ణమి, మన పొరుగున ఘంటసాలలో స్తూపము వెలసిన బుద్ధదేవుని జన్మదినము, బహుళ దశమి తెలుగువారి హనుమజ్జయంతి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ కలదు. అట్టి కథలను రాత్రి పురాణమునకు విడిచి, ధర్మశాస్త్ర నిబంధనకారులు చైత్రమునకు విశేషముగ చెప్పిన దానమేదో చూతము. అది ప్రపాదానము. ప్రప యనగా మన చలివేంద్రము. చైత్రారంభమున పందిరి వేసి నాలుగు మాసములు దారిని పోవువారికి చల్లని నీరిచ్చుట దాని విధి. అంత శక్తి లేనివాడు దినమునకొక నిండుకుండను దానమీయవచ్చును. దానికి ధర్మఘటమని పేరు. గోదానమునకు గోవు కావలెను, భూదానమునకు భూమి కావలెను. ఈ దానమునకు కుమ్మరివాని కుండయు, చెరువు నీరును చాలును.

ఇక ఉపవాసము. పదిమందిలో ఎనమండుగురు దీనిని కడుపు మాడ్చుకొనుట యనియే తలంతురు. శాస్త్రకారులు అంత కఠినులు కారు. ఏకాదశి నియమము ఎనిమిదేండ్లు నిండని బాలురకును, ఎనుబదేండ్లు దాటిన వృద్ధులకును లేదనిరి. వ్రతమునకు భంగము కలిగింపని వస్తువులు ఎనిమిదింటిని లెక్కించిరి. ఔషధము వానిలో నొకటి. మధుమేహముగల పెద్దలును, గర్భవతులును దీనిని చెవిని బెట్టుకొందురుగాక. ఆ ఎనిమిదింటిలో మొట్టమొదట పేర్కొనినది నీరు. వ్రతము పట్టినవాడు నీరు త్రాగినచో వ్రతము చెడదు. దప్పిగొన్నవానికి నీరు నిరాకరించినచో చెడునా చెడదా యని మాత్రము మన పల్లెలలో అడిగినవారు తక్కువ.

శ్రీరామనవమి ఉపవాసము మధ్యాహ్నము కల్యాణమగు వరకు. పిదప పానకము, వడపప్పు. బెల్లము, మిరియము, ఏలకి, నీరు — పానకమన నింతే. వడపప్పు నానబెట్టిన పెసరపప్పు. ఎండలు ముదురు వేళ దేహమునకు చలువచేయు పదార్థములివి. మరియొక విశేషము. ఈ రెండింటికిని పొయ్యి వెలిగింప నక్కరలేదు. వంటయింటి మడి, అంటు, ఎంగిలి యను వాదములన్నియు పొయ్యిచుట్టు తిరుగునవి. దేశములోని మహోత్సవములలో ఇంత పెద్దదానికి పొయ్యితో పని లేని నైవేద్యమును ఏర్పరచినవారెవరో గాని, మా దృష్టిలో వారు మంచి న్యాయవాదులు. ప్రతివాది చెప్పబోవు అభ్యంతరమును ముందుగనే ఊహించి త్రోసివైచిరి.

రాముని పెండ్లి యొక కులమువారి పెండ్లి యని ఎన్నడును ఎవ్వరు ననలేదు. భద్రాచలమున ఆలయము కట్టించినది పాల్వంచ తహశీలుదారు కంచెర్ల గోపన్న. ఆయనను చెరబెట్టినదియు, చెర విడిపించినదియు గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా. నాటినుండి సీతారాముల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వము పక్షమున వచ్చుట ఆచారమైనది. మన బందరు ఆ గోలకొండకు రేవు. మహమ్మదీయ ప్రభువు పంపిన ముత్యములను రాముడు శిరసున ధరించెనని పాడుకొను మనము, ఊరిలోని తోటివాని చేతి బిందెను చూచి సంకోచించుట ఎట్టి భక్తియో ఆలోచింపుడు.

ఉపవాసమును, నవమిని, నీటిని ఒక్క వారములో కలిపి చూపిన వసంతము మన దేశ చరిత్రలో నొకటి కలదు. అది 1919. రౌలట్ శాసనము నెదిరించు మార్గమును వెదకుచు గాంధీ మహాత్ముడు చెన్నపట్టణమున నుండగా, దేశమంతయు ఒక దినము పనులు మాని ఉపవాసముతోను ప్రార్థనతోను గడుపవలెనను తలంపు ఆయనకు కలిగెను. మొదట మార్చి 30వ తేదీ యని నిర్ణయించి, పిదప ఏప్రిల్ 6కు మార్చిరి. ఆ వార్త సకాలమున అందకపోవుటచే ఢిల్లీవారు ముందటి తేదీనే జరిపిరి. ఉపవాసము ఇరువది నాలుగు గంటలకు మించరాదని ఆయన నిర్ణయించుటకు కారణమును ఆత్మకథయందు చెప్పియున్నాడు: మహమ్మదీయ సోదరులకు ఒక దినమునకు మించిన ఉపవాసము వారి మతనియమమున కొదుగదు. చూచితిరా! దేశమునకు ఉపవాసము విధించునపుడు తన ఏకాదశిని గాక పొరుగువాని నియమమును కొలతగా తీసికొనెను. సర్కారును బెదరించుటకు చేయు నిరశనగా దీనిని భావింపరాదనియు, ఇది ఆత్మశుద్ధికనియు స్పష్టపరచెను.

మూడు దినములకు, ఏప్రిల్ 9న, శ్రీరామనవమి. అమృతసరమున హిందువులును మహమ్మదీయులును కూడి ఊరేగింపు జరిపిరి. డిప్యూటీ కమిషనరు నిలిచి చూచుచుండగా మేళగాండ్రు ఆంగ్లప్రభువు కీర్తనమును గూడ వాయించిరి. అంతవరకు ఏ కలహమును లేదు. ఆనాడు ఆ రెండు మతములవారును బహిరంగముగ ఒకే పాత్రనుండి నీరు త్రాగిరి. పిమ్మట విచారణ జరిపిన హంటరు సంఘము తన నివేదికయందు ఈ నీరు త్రాగుటను ప్రత్యేకముగ పేర్కొనెను. వేయి ఉపన్యాసములు పట్టించుకొనని ప్రభుత్వము ఒక గుటక నీటిని కాగితమున కెక్కించినది! మరునాడే డాక్టరు కిచ్లూను, డాక్టరు సత్యపాలును పట్టుకొని ఊరు దాటించిరి. 13వ తేదీ వైశాఖీ పండుగనాడు జలియన్‌వాలా బాగులో జరిగిన ఘోరము మీరందరు నెరిగినదే. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది నేలకొరిగిరి.

హిందువును మహమ్మదీయుడును ఒక పాత్రలో త్రాగిరి; మరి హిందువును హిందువును? ఈ ప్రశ్నను 1927 మార్చి 20న, మరల వసంతపు వాకిటనే, మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కరు చవదారు చెరువులో దోసిలి ముంచి అడిగెను. ఆ చెరువును పంచగవ్యముతో శుద్ధిచేసినవారు చేసిరి, కోర్టుకెక్కినవారు ఎక్కిరి. అనాదిగా వచ్చుచున్న ఆచారమను వాదము నిలువలేదని బొంబాయి హైకోర్టు 1937 మార్చిలో తీర్పు చెప్పెను. ఒక దోసిలి నీటికి పదేండ్ల వ్యాజ్యము! మా వృత్తిని గూర్చి మీరు నవ్వుకొనుటకు ఇంతకన్న దృష్టాంతము వెదకనక్కరలేదు. 1930లో నాసికయందు కాలారామ మందిర ప్రవేశమునకు సత్యాగ్రహము సాగుచుండ శ్రీరామనవమి వచ్చెను. రథమును ఉభయులును కలిసి లాగుదమని ఒడంబడిక జరిగెను. తీరా సమయమునకు ఒక పక్షమువారు రథమును లాగుకొని పరుగెత్తిరి, రాళ్లు పడెను. ఏ రాముడు గుహునితో చెలిమి చేసెనో, ఆ రాముని తేరే!

ఇవి మరాటీ దేశపు కథలని మీరు ఊరట చెందవలదు. ఈ డెల్టాలోనే యొక గ్రామమున — పేరు చెప్పము — మేము శ్రీరామనవమి పందిట కూర్చుండగా పానకము పంచిరి. పందిటిలోని వారికి గ్లాసులు. పందిరి రాటకు ఆవల నిలిచిన దళితవాడ పిల్లలకు దోసిలి పట్టుమని చెప్పి, మూరెడు ఎత్తునుండి పోసిరి. సగము మోచేతుల వెంట కారి మట్టిలో పడినది. ఒక పిల్లవాడు మోచేయి నాకుకొనెను. పోయువాడు దుష్టుడు కాడు; ప్రొద్దుటినుండి పచ్చిమంచినీరు ముట్టక ఉపవాసమున్న భక్తుడు. మాకు గ్లాసు చేతిలోనే మిగిలిపోయినది.

శాసనమేమందురా? ఆలయ ప్రవేశమునకు మదరాసు శాసనము 1947లోనే వచ్చినది. 1950 రాజ్యాంగములో 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 15వ అధికరణము బావులు, చెరువులు, స్నానఘట్టములను పేరుపేరున చెప్పినది. 1955 శాసనము ప్రజల వాడుకకై యుంచిన పాత్రలను గూడ విడువక, వానిని నిరాకరించుటను నేరముగ చేసినది. ఇంత జరిగినను, తెలుగునాట టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతిని గూర్చి ఆ తరువాత దశాబ్దములపాటు ఫిర్యాదులు వచ్చుచునే యుండెను. ఇపుడు కాగితపు గ్లాసులు వచ్చినవిగదా, అందరికిని సమానమే గదా యని యొక మిత్రుడు మాతో వాదించెను. నిజమే, త్రాగి పారవేయు గ్లాసునకు కులము లేదు. కాని పానకము కలుపు చేయి ఎవరిది? చెరువునుండి బిందె తెచ్చిన భుజమెవరిది? పందిరికి చందా వ్రాయునపుడు ఏ వీథితో చిట్టా ఆగిపోవుచున్నది? కాగితపు గ్లాసు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పలేదు, వానిని కప్పిపుచ్చినది.

మరియొక మాట. చైత్రము మన డెల్టాలో పనులు లేని కాలము. మినుము తీత ముగిసినది మొదలు ఏరువాక సాగువరకు కూలిజనమునకు చేతినిండ పని దొరకదు. మనము తిథి చూచి ఉపవాసముందుము. వారికి పంచాంగము చూడ నవసరము లేకయే ఉపవాసము వచ్చును. ఉపవాసమను పదమునకు సమీపమున నివసించుట యని అర్థము చెప్పుదురు. దేవుని సమీపమున ననుట సరియే. ఒక్క పూట ఆకలిచేత ఆ కూలివాని సమీపమునకు గూడ పోగలిగినచో దేవుడు కోపగించునని మేమనుకొనము. ఆ పూట మిగిలిన సోలెడు బియ్యమును వేరు పెట్టి అతని యింటికి చేర్చుడు.

ఈ ఋతువు మనయొక్కరిదే యను భ్రమయు వలదు. 2025లో ఉగాది మార్చి 30న రాగా మరునాడే రంజాను పండుగ. ఒకరు పచ్చడి పంచుచుండగా ఒకరు నెలదినముల ఉపవాసమును విరమించిరి. ఆ యేడు శ్రీరామనవమి సరిగా ఏప్రిల్ 6వ తేదీన పడెను. 1919 ఉపవాసదినము తేదీ అదియే. అప్పటికి మన పల్లెలలోని క్రైస్తవ సోదరులు తమ నలువది దినముల ఉపవాసకాలములో నుండిరి. ఆ ఏప్రిల్ 18న వారి శుభ శుక్రవారము. మూడు మతములవారును ఒకే ఎండలో ఆకలిగొని, ఒకే చెరువు నీటితో నోరు తడుపుకొనిరి. చెరువునకు ఈ సంగతి తెలియును.

కావున మా మనవి యొక్కటి. నవమినాడు మీ పందిట పానకము ఒక్క బిందెలోనే కలియవలెను. నీరు ఊరి చెరువునుండి ప్రతి వాడనుండియు నొకరు తెత్తురుగాక. దళితవాడ బిందె మొదట వంపుడు. చివర వంపినచో అది అనుగ్రహము వలె కనబడును. అట్టి అనుగ్రహము మనకు వలదు. సాయబుల పేటకును, చర్చి వీథికిని పెద్దలే స్వయముగ పోయి పిలువవలెను. కబురు పంపిన చాలదు. నవమి తరువాత పందిరి విప్పవలదు. దానినే బాట ప్రక్కకు జరిపి, కాలువ వదలువరకు చలివేంద్రముగ నుంచుడు. బందరు, బెజవాడ బాటన పోవువారు ఎందరో ఎండలో దిగుచుందురు.

అభ్యంతరమున్నవారు ఇప్పుడే, ఈ సభలోనే చెప్పుడు. సమాధానము చెప్పుటకు మేము రాత్రివరకు నుందుము. బెల్లము రెండు బుట్టలు బందరునుండి తెచ్చితిమి, అరుగుమీద నున్నవి. మిరియాలు దంచుటకు ఎవరి ఇంటి రోలు వాడుదురో మీరు నిర్ణయింపుడు.