చూసే కన్ను, తలిచే మనసు, కదిలే చేయి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ బ్రిటన్ దేశంలోనే పుట్టి పెరిగి, ఇంట తెలుగు, బయట ఇంగ్లీషుతో బ్రతుకుతున్న నా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వారి బిడ్డలకు ఆశీస్సులు. ఈ మాటలు ముఖ్యంగా మీ కోసమే. వైద్యురాలిని కనుక నాకు తెలిసిన మెదడును గురించే మాట్లాడతానని నిర్వాహకులకు ముందుగానే విన్నవించుకున్నాను.

ఇందాక పిల్లలు కోలాటం ఆడుతుండగా ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలను గమనించారా? కర్రలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. వేళ్లు కదిలింది మాత్రం వీరి ఒడిలో. వేళ్లు కదలకుండా అదిమిపెట్టుకున్నవారి మెదడులో సైతం ఆ క్షణాన కదలికకు కావలసిన సన్నాహం కొంత జరుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి ప్రపంచానికి విస్పష్టంగా తెలిసింది ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయంలో. అక్కడ జాకొమో రిజొలాటి బృందం మకాక్ జాతి కోతుల మెదడులో, కదలికలకు పథకం వేసే ప్రాంతంలోని నాడీకణాలను పరిశీలిస్తూ ఉండేది. కోతి తినుబండారాన్ని చేత అందుకున్నప్పుడు స్పందించే కణాలలో కొన్ని, మనిషి దానిని అందుకుంటుండగా కోతి ఊరక చూస్తున్నప్పుడు కూడా స్పందించాయి. 1992లో ఈ విషయం ప్రకటించారు. 1996 నాటికి ఆ కణాలకు మిర్రర్ న్యూరాన్లు, అనగా అద్దపు కణాలు, అన్న పేరు వచ్చింది. 2010లో, మూర్ఛవ్యాధి చికిత్స నిమిత్తం మెదడులో ఎలక్ట్రోడులు అమర్చుకున్న రోగులలోనూ అటువంటి కణాలు కనిపించాయి.

ఆ తరువాత ఈ కణాలకు అవి మోయలేనంత కీర్తి కట్టబెట్టారు. కరుణ, భాష, నాగరికత అన్నీ వీటి చలవేనన్నారు. ఆటిజానికి వీటి లోపమే కారణమన్నారు. ఆ చివరి మాటను తరువాతి పరిశోధనలు బలపరచలేదు. వైద్యురాలిగా నాకు అటువంటి తొందరపాటు సమ్మతం కాదు. రుజువైన కొద్దిపాటి విషయమే చాలినంత అద్భుతంగా ఉన్నది.

మన పొరుగున లండన్‌లో జరిగిన ఒక పరిశోధన వినండి. బాలే నర్తకులకు, బ్రెజిల్ దేశపు కపోయిరా ఆడేవారికి రెండు రకాల నృత్యాల వీడియోలనూ చూపుతూ వారి మెదడును స్కాన్ చేశారు. తాము అభ్యసించిన నృత్యాన్ని చూసినప్పుడు కదలికల ప్రాంతాలు ఎక్కువగా స్పందించాయి. ఇది 2005 నాటి మాట. మరుసటి ఏడు వచ్చినది ఇంకా చక్కని ప్రశ్న. బాలేలో కొన్ని అడుగులు స్త్రీలే వేస్తారు, కొన్ని పురుషులే వేస్తారు. ఒకే శాలలో సాధన చేస్తారు కనుక ఎదుటివారి అడుగులు కూడా కళ్లకు కొట్టిన పిండే. అయినా తమ ఒంటికి అలవడిన అడుగును చూసినప్పుడే ఆ ప్రాంతాలు ఎక్కువగా మేల్కొన్నాయి. ఫోనులో కూచిపూడి వెయ్యిసార్లు చూసిన పిల్లకూ, కాళ్లు నొప్పి పుట్టేలా ఆరు నెలలు అడుగులు వేసిన పిల్లకూ ఒకే వీడియో ఒకేలా కనబడదని నేను తల్లులతో అంటూ ఉంటాను.

అక్షరాల సంగతీ ఇంతే. ఫ్రాన్సులో మూడు నుంచి ఐదేళ్ల లోపు పసివారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చేతితో వ్రాయించి, మరొక జట్టుకు కీబోర్డు మీద నొక్కించి అక్షరాలు నేర్పారు. వారిలో కాస్త పెద్ద పిల్లలు, చేతితో వ్రాసినవారు, అక్షరాలను మెరుగ్గా గుర్తుపట్టారు. మన ఆదివారం బడిలో ఓనమాలు దిద్దించడం పాతకాలపు చాదస్తమని అలిగే నాన్నలకు ఈ మాట చేరవేయండి.

ఇక చూడడం కూడా లేకుండా, కేవలం తలచుకుంటే? 1992లో అమెరికాలో కొందరిచేత చిటికెన వేలిని పక్కకు నెట్టే వ్యాయామం నాలుగు వారాలు చేయించారు. మరి కొందరిని వేలు కదపకుండా, నెడుతున్నట్లు ఊహించుకోమన్నారు. చేసినవారి బలం సుమారు 30 శాతం పెరిగింది. ఊహించినవారికి 22 శాతం. కండ పెరగలేదు, కండను ఆజ్ఞాపించే నాడీమండలం పదును తేరింది. 1995లో పియానో మీద జరిగిన ప్రయోగంలో, ఐదు రోజులు మనసులోనే వాయించినవారి మెదడులో వేళ్లకు చెందిన ప్రాంతం నిజంగా వాయించినవారిలాగానే విస్తరించింది. నైపుణ్యంలో మాత్రం వీరు వెనుకబడ్డారు. ఊహ సాధనకు తోడే గాని బదులు కాదు.

నా వృత్తి ఇక్కడే ఆరంభమవుతుంది. పక్షవాతం వచ్చి చేయి పడిపోయినవారికి మేము వ్యాయామంతో పాటు ఇటువంటివి చేయిస్తాం. చెన్నైలో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దంతో ఒక ఉపాయం కనిపెట్టారు. అద్దంలో మంచి చేయి ప్రతిబింబం చూస్తూ, కదులుతున్నది పడిపోయిన చేయే అన్నట్లు రోగి మెదడు భ్రమిస్తుంది. తెగిపోయిన చేతిలో నొప్పి పడేవారి కోసం మొదలైన ఈ ఉపాయం పక్షవాతానికీ కొంత మేలు చేస్తున్నది. ఊహాభ్యాసం ఫలితాలు మాత్రం అందరిలో ఒకేలా లేవు.

కొన్నేళ్ల క్రితం మన తెలుగు పెద్దాయన ఒకరు కుడిచేయి పడిపోయి మా వార్డులో ఉన్నారు. ఫోర్కు పట్టుకున్నట్లు ఊహించండి అని మా చికిత్సకురాలు చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని ఊరకే ఉండేవారు. ఆ పిల్ల మంచి పనిమంతురాలు. పాపం, ఆమెకేం తెలుసు, ఆయన జన్మలో ఫోర్కు పట్టలేదని! ఆయన కూతురు, ఇక్కడ పుట్టిన అమ్మాయే, ఒకనాడు చొరవ తీసుకుని, "నాన్నా, పప్పన్నం కలుపుతున్నావనుకో. నెయ్యి వేశాను. అన్నం వేడిగా ఉంది, జాగ్రత్త" అన్నది. ఆయన మొగం మారిపోయింది. వేలి కొసలు కాలుతున్నట్లు అనిపించిందని తరువాత చెప్పారు. మరునాటి నుంచి అదే పాఠం. ఎంత మేలు ఊహ వల్ల, ఎంత వ్యాయామం వల్ల అని నేను తూచి చెప్పలేను. ఆ చేయి మునుపటిలా కాలేదు. ముద్ద కలుపుకునేంత వచ్చింది.

మీలో చాలామంది తల్లిదండ్రులకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నది. వారి చేతులకు ఏమేమి తెలుసో ఆసుపత్రి కాగితాలలో ఉండదు. ముగ్గు వేసిన చేయా, పూలు కట్టిన చేయా, మగ్గం నేసిన చేయా, పొలంలో నారు నాటిన చేయా — వారు బాగున్నప్పుడే అడిగి తెలుసుకోండి, వీలైతే దగ్గర కూర్చుని మీరూ చేసి చూడండి. అవసరం వస్తే చికిత్సకులకు ఆ మాట చెప్పండి. ఊహాభ్యాసం రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టండి. దూరం నుంచి తమను తాము చూసుకుంటున్నట్లు కాక, తమ ఒంట్లోనే ఉండి చేస్తున్నట్లు తలచుకోమనండి. అలసిపోతే ఆపండి. కొందరికి మనసులో ఏ బొమ్మా కట్టదు. వారిని బలవంతపెట్టకుండా, ఎదురుగా కూర్చుని మీరే అన్నం కలిపి చూపించండి.